కింది ఎడమ మూల

తొమ్మిది గంటల ఏడు నిమిషాలకు వంటింటి గోడమీద వెలుగు పడుతుంది. వెంటిలేటరులోంచి ఏటవాలుగా దిగి, మొదట గరిటెలు తగిలించిన చెక్కపట్టీ పైఅంచున సన్నని గీతగా నిలిచి, ఆ గీత వెడల్పై, పది నిమిషాలలో పోస్టుకార్డంత అవుతుంది. ఆ తర్వాత కుడికి ఒరుగుతూ కిందికి జారి, గ్లాసుల బుట్టను దాటి, పది గంటలకు గట్టుమీది నీళ్ళసీసాలో దూరి అక్కడ ముక్కలైపోతుంది. ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఫొటోలు తీస్తున్నాను, కనుకనే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఈ ఏడేళ్ళలో నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: దేన్నీ జరపకూడదు. గ్లాసు ఎక్కడ బోర్లించి ఉంటే అక్కడే ఉండాలి, చేతిగుడ్డ ఎలా వేలాడితే అలాగే వేలాడాలి, నీడ తనంతట తాను ఏ ఆకారం కడితే ఆ ఆకారాన్నే తీసుకోవాలి. మావారు రోజూ ఈ వేళకు ముందుగదిలోంచి, పేపరు దించకుండానే, "ఏమోయ్, గోడగారు ఇవాళ నవ్వారా?" అని అడుగుతారు. ముప్పై ఆరేళ్ళపాటు ఫొటోస్టూడియోలో కూర్చుని జనం మొహాలమీది నీడలు తీసేసిన మనిషి, ఇప్పుడు గోడమీది నీడలు ఏరుకుంటోందని ఆయన వేళాకోళం. వేళాకోళమే కాని అబద్ధం కాదు. నేను ఆయనకు రోజూ ఒకే జవాబు చెబుతాను, "మీకంటే నయం, కదలమంటే కదులుతుంది" అని. ఇవాళ చెప్పలేదు. పది గంటలకు ఒకావిడ వస్తోంది. ఆవిడ వచ్చేలోగా నేనొక సంగతి తేల్చుకోవాలి: నోరు విప్పడమా, మానడమా.

ఆవిడ వచ్చేది ప్రదర్శనశాల తరఫున. మా బావగారు, అంటే మావారి అన్నగారు, ఊరందరికీ మాస్టారు. ఆయన జీవితకాలంలో తీసిన ఫొటోలన్నీ ఒకచోట పెట్టి, పుస్తకంగా కూడా అచ్చువేస్తున్నారు. చిత్తుప్రతి ముందే పంపించారు. అది ఇప్పుడు నా ఎదుట గట్టుమీద తెరిచి ఉంది, వెలుగు దానిదాకా రావడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. అట్టమీద వేసిన ఫొటో పేరు "ఏకాగ్రత". పెరటి గుమ్మంలో కూర్చున్న ముసలావిడ ఒక కన్ను మూసి, సూదిని రెండో కంటికి దగ్గరగా పట్టుకుని దారం ఎక్కిస్తోంది. ముసలావిడ మా అత్తగారు. ఒక చెంపమీద పొద్దుటి ఎండ, రెండో చెంపమీద ఎక్కడినుంచి వచ్చిందో తెలియని మెత్తని వెలుగు. వెనక గోడమీద అడ్డంగా ఒక సన్నని నీడ. కింది ఎడమ మూల ఖాళీ. దీన్ని గురించి ఒక విమర్శకుడు పదకొండు పేజీలు రాశాడు. నాకు చదవడం వచ్చు, చదివినదానికి తలవంచడం రాదు. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. గోడమీది నీడ జీవనసూత్రమట. అది బట్టలు ఆరేసుకునే తీగ. మూసిన కన్ను లోకంపట్ల విముఖత అట. మూయకపోతే దారం ఎక్కదు. ఇంతవరకూ క్షమించాను, పేజీలు నింపడానికి మనుషులు ఏవో రాస్తారు. ఏడో పేజీలో ఆగిపోయాను. "కింది ఎడమ మూలలోని శూన్యమే ఈ చిత్రానికి ఊపిరి. ఏమీ లేకపోవడాన్ని సైతం చిత్రించగల నిగ్రహం మాస్టారు ఒక్కరికే సాధ్యం." ఏమీ లేకపోవడం! అక్కడ నేనున్నాను. ఆ ఫొటో తీసినది నేను, పొద్దు నా వెనక ఉంది, నా నీడ ఆ మూలన పడింది, దాన్ని చెరిపింది కూడా నేనే.

గరిటెలమీద గీత వెడల్పవుతోంది. పెద్దగరిటె నీడ గోడమీద కొడవలిలా వంగింది. ఫోను తీసి ఒక ఫొటో తీశాను, చెయ్యి అలవాటుకొద్దీ తీసిందే కాని కన్ను అక్కడ లేదు. ఎనిమిదింటికి మా తోటికోడలు ఫోను చేసింది. బావగారి భార్య, నాకంటే ఆరేళ్ళు పెద్దది, నేను అక్కా అంటాను. అలా పిలవడం మొదలుపెట్టినప్పుడు అది వరస, తర్వాత ఎప్పుడో నిజమైంది, ఈమధ్య మళ్ళీ వరసగానే మిగిలింది. "ప్రదర్శనశాల ఆవిడ మీ ఇంటికి వస్తోందటగా" అంది. వస్తోంది అన్నాను. "ఆయన మంచంమీద ఉన్నారు, తెలుసు కదే. మాట కూడా సరిగ్గా రావడంలేదు. ఆ ఫొటో సంగతి ఇప్పుడు కెలక్కు." నేనేమీ కెలకలేదు అక్కా, వాళ్ళే వచ్చి అడుగుతున్నారు అన్నాను. "అడిగితే అడగనీ. ఇన్నేళ్ళు ఊరుకున్నదానివి, ఇంకో గంట ఊరుకోలేవూ?" అని ఫోను పెట్టేసింది. ఆ మాట నా చెవిలో ఇంకా మెదులుతూనే ఉంది. ఇన్నేళ్ళు ఊరుకున్నది కనుక ఎప్పటికీ ఊరుకోవాలన్నది లోకంలోకెల్లా చవకైన తర్కం. దాన్ని ఎప్పుడూ ఊరుకున్నవాళ్ళమీదనే ప్రయోగిస్తారు. భర్త పేరు కాపాడుకుంటోంది, అనుకున్నాను. కాపాడుకోనీ. ప్రదర్శనశాల ఆవిడ నన్ను అడగబోయేది ఏమిటో చిత్తుప్రతిలోనే అచ్చువేసి పంపారు: "మాస్టారు ఈ చిత్రాన్ని ఎలా తీశారు? స్టూడియోలో ఆయన చేతికింద పనిచేసినావిడ జ్ఞాపకం." దాని కింద జానెడు తెల్లకాగితం నాకోసం వదిలిపెట్టారు. చేతికింద అట. నా చేతికింద ఉన్నది దీపం.

ఆ పని ఎలాంటిదో ఈ కాలంవాళ్ళకు చెప్పాలంటే మొదలు తలకిందులుగా ఆలోచించడం నేర్పాలి. నెగటివులో వెలుగు నల్లగా ఉంటుంది, నీడ తెల్లగా ఉంటుంది. ఒక మనిషి కంటికింద నీడ తీసెయ్యాలంటే తుడవకూడదు, పెన్సిలుతో నింపాలి. గాజుబల్లమీద ఫిల్మును పరచి, టర్పెంటైనులో కరిగించిన జిగురు పలచగా పూసి, కింద దీపం వెలిగించి, భూతద్దం పెట్టుకుని, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో చుక్క పక్కన చుక్క. వందచుక్కలకు ఒక ముడత పోతుంది. మా స్టూడియో మొహాలకు నీడ ఉండదని పేరు. పెళ్ళికూతుళ్ళు, పాసుపోర్టులవాళ్ళు, పదవీవిరమణ చేసేవాళ్ళు, అందరూ మాస్టారి దగ్గర ఫొటో దిగితే పదేళ్ళు తగ్గుతారని వచ్చేవాళ్ళు. ఆ పదేళ్ళూ ఎక్కడికి పోయేవో ఎవరూ అడగలేదు. నా కళ్ళలోకి పోయాయి. ఒకసారి బజారులో ఒకావిడ నన్ను పలకరించి, "నన్ను గుర్తుపట్టారా? మీరే కదా నా పెళ్ళిఫొటో బాగుచేసింది" అంది. గుర్తుపట్టలేదు. మూడు గంటలు ఆవిడ మొహంమీద పనిచేసినదాన్ని, మొహం చూడలేదు. చుక్కలు చూసేవాళ్ళకు మొహం కనపడదు. పలచన, చిక్కన, అంతే. అది మా పనివాళ్ళకు ఉండే జబ్బు, నాకు అప్పట్లో అది నైపుణ్యంలా ఉండేది.

అత్తగారి ఫొటో మాత్రం అలా కాదు. ఆ పొద్దు నాకు బాగా గుర్తుంది. బావగారు, మావారు ఇద్దరూ ఏదో పెళ్ళిఫొటోలకు పొరుగూరు వెళ్ళారు. రెండో కెమెరా ఇంట్లో ఉంది, మూత ఎత్తి పైనుంచి చూసే పాతది, అందులో నాలుగైదు ఫొటోలకు సరిపడా ఫిల్ము మిగిలి ఉంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని గుండీ కుట్టుకుంటున్నారు. ఎండ ఆవిడ చెంపమీద ఎంత నెమ్మదిగా ఉందంటే, అంతవరకూ స్టూడియో దీపాలకిందే మొహాలు చూసిన నాకు, మొహానికి సొంత వెలుగు ఉంటుందని మొదటిసారి తోచింది. కెమెరా తెచ్చాను. ఇరవై అయిదేళ్ళు నాకు. "అత్తయ్యా, దారం మళ్ళీ ఎక్కించండి" అన్నాను. "ఎక్కిన దారాన్ని తీసి మళ్ళీ ఎక్కించమంటుంది, దీనికేమైనా మతిపోయిందా" అని తిడుతూనే తీసి మళ్ళీ ఎక్కించారు. మర్నాడు బావగారు ఆ ఫిల్ము కడిగారు. తడి ఫిల్మును వెలుగుకు పట్టి చాలాసేపు చూశారు. ఎవరు తీశారని అడగలేదు. అడగకపోవడంలోనే అంతా ఉంది. అడిగితే జవాబు వస్తుంది. "ఏమ్మా, కింద ఎడమ మూలన ఏదో చెత్త పడింది, పూడ్చెయ్యి" అని నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. మూడు రోజులు పట్టింది. నా నీడను నేనే, చుక్క పక్కన చుక్క, పూడ్చాను. అది మెడలు వంచి చేయించిన పని కాదని చెప్పడం న్యాయం. బాగా కుదరాలని శ్రద్ధగా చేశాను. ఇదీ నన్ను ఇన్నేళ్ళూ అవమానించిన విషయం, ఆయన చేసినదానికంటే ఎక్కువగా. ఆ ఏడు ఫొటోకు పతకం వచ్చింది. పేపరులో ఆయన బొమ్మ పడితే మావారే కత్తిరించి గోడకు అంటించారు. ఆ ఇంట్లో కెమెరాలు నాలుగుండేవి. ఫొటో తీసేది మాత్రం ఒక్కరే అని అందరికీ తెలుసు.

వెలుగు ఇప్పుడు గ్లాసుల బుట్టలో ఉంది. బోర్లించిన గ్లాసుల అడుగులనుంచి గోడమీద మూడు వలయాలు లేచాయి, ఒకటి మరొకదానిమీద సగం ఎక్కి వణుకుతోంది. మామూలుగా అయితే ఇక్కడ పది ఫొటోలు తీస్తాను. ఇవాళ ముందుగదిలోకి వెళ్ళి మావారి ఎదురుగా నిలబడ్డాను. "ఏం చెప్పమంటారు ఆవిడకు?" అన్నాను. ఆయనకు తెలుసు, మొదటినుంచీ తెలుసు. నేను చెప్పిన రోజున విని, "అన్నయ్య అలాంటివాడే" అని అన్నం తిన్న మనిషి. "నీ ఇష్టం" అన్నారు. పెళ్ళయి నలభై నాలుగేళ్ళలో ఆయన ఇంత తరచుగా వాడిన మాట ఇంకోటి లేదు. వినడానికి స్వేచ్ఛ ఇచ్చినట్టుంటుంది. అందులో ఇష్టం అన్నది నాది కాదు, రాబోయే నింద మాత్రం నాది. "మీ ఇష్టం చెప్పండి, నా ఇష్టం నాకు తెలుసు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. చెడ్డ మనిషి కారు. చెడ్డతనం ఎదురుపడినప్పుడు పేపరు తిరగేసే మనిషి.

వెనక్కి వచ్చి అల్మారా తెరిచాను. స్టూడియో మూసినప్పుడు మంచి నెగటివులు బావగారు ఉంచుకున్నారు. నేను చెయ్యిపెట్టినవి, పెన్సిలు పూతలు ఉన్నవి ఇక పనికిరావన్నారు. "ఆ డబ్బాలు దాని మొహాన కొట్టండి, దానికి బొమ్మలంటే పిచ్చి" అన్నారట, నవ్వుతూనే. అలా అత్తగారి ఫొటో నెగటివు ముక్క నా దగ్గరికి వచ్చింది: రెండుంపావు అంగుళాల చదరం. ఏడేళ్ళనుంచీ నా దగ్గరే ఉన్నా ఒక్కసారీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు కనుక. పెన్సిలు పూత శాశ్వతం కాదు. టర్పెంటైనులో ముంచిన దూదితో ఒక్కసారి అద్దితే జిగురు కరుగుతుంది, చుక్కలన్నీ దూదికి వచ్చేస్తాయి, కింద ఉన్నది ఉన్నట్టుగా బయటపడుతుంది. నా వాదనకు సాక్ష్యం కావాలంటే అదే సాక్ష్యం: కెమెరా పట్టుకుని వంగిన మనిషి నీడ, ముడివేసిన జుట్టు, నడుముకు దోపిన కొంగు. మాస్టారు కొంగు దోపుకునేవారు కాదు కదా. ఆ ముక్క ఆవిడ చేతిలో పెట్టి ఊరుకుంటే చాలు, నేను నోరు విప్పనవసరం కూడా లేదు. తొమ్మిదీ ముప్పై ఎనిమిది. దూది తడిపాను. చెయ్యి వణకలేదు, ఆ విషయంలో నాకింకా గర్వమే. మూలనుంచి మొదలుపెట్టి, రుద్దకుండా అద్దుతూ, అద్దిన దూది పారేస్తూ, ఇంకో దూది తీసుకుంటూ. మూడు రోజుల పని మూడు నిమిషాలలో పోయింది. దూదిమీద బూడిదరంగు మరక, అదే నా నైపుణ్యం. గాలికి ఆరనిచ్చి, వేళ్ళతో అంచులు పట్టుకుని, వెంటిలేటరు వెలుగుకు ఎత్తాను.

నెగటివులో నీడలు తెల్లగా ఉంటాయన్నాను కదా. తెల్లగా ఉన్నది ఒకటి కాదు. ఫోనుతో తీసి, నలుపుతెలుపులు తారుమారు చేసి, పెద్దది చేసి చూశాను. నా నీడ ఉంది, నేననుకున్నట్టే, వంగిన వీపు, ముడి, కొంగు. దాని ఎడంపక్కన, అంచుకు ఆనుకుని, ఇంకో నీడ. నాకంటే పొడుగు. రెండు చేతులూ బారజాపి ఉన్నాయి. ఆ చేతులనుంచి కిందికి నాలుగుపలకల పలచని నీడ వేలాడుతోంది, ఎండ సగం జారిపోయినట్టు, తడిబట్ట నీడలా. భుజంమీదినుంచి ముందుకు పడిన పొడవాటి జడ. బట్టలు ఆరేసే రోజు అది. గోడమీద తీగ ఉంది కదా. ఎవరో ఒక దుప్పటిని నా పక్కన ఎత్తి పట్టుకుని, దానిమీద పడిన ఎండను అత్తగారి రెండో చెంపమీదికి తిప్పారు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదని విమర్శకుడు రాసిన వెలుగు. నేనయినా అదేం వెలుగని ఎప్పుడూ అడగలేదు. ఎదురుగోడ సున్నం వెలుగు అనుకుని ఊరుకున్నాను. ఆ ఇంట్లో అంత పొడుగు జడ ఒక్కరికే ఉండేది. ఆ జడను నేను మూడు రోజులు భూతద్దంలోంచి చూస్తూ పూడ్చాను. చూశాను అనడానికి లేదు. పలచన, చిక్కన. మన నీడను మనం గుర్తుపడతాం. పక్కనున్న నీడ పని పూర్తయ్యేదాకా మరకలాగే ఉంటుంది. నలభై రెండేళ్ళుగా నేను ఎవరిమీద కోపం మోశానో, ఆయన చేసినది నేనూ చేశాను. ఆయన ఒకరిని చెరిపించారు. నేను ఇద్దరిని చెరిపాను, ఒకరినే లెక్కపెట్టుకున్నాను.

కుర్చీలో కూర్చున్నాను. వెలుగు బుట్ట దిగి గట్టు అంచున ఉంది. దాన్ని చూస్తున్నాను కాని తీయలేదు. తర్వాత ఫోను చేశాను. "అక్కా, అత్తయ్య సూదిఫొటో తీసిన రోజు నువ్వెక్కడున్నావు?"

అవతలినుంచి మంచం కిర్రుమన్న చప్పుడు, తలుపు దగ్గరికి వేసిన చప్పుడు.

"ఎక్కడుంటాను? నీ ఎడంపక్కనే. తడి దుప్పటి పట్టుకుని. ఆరేసుకుంటుంటే లాక్కొచ్చావు కదే, 'కదలకు అక్కా, కదలకు, ఇంకొంచెం పైకి' అని ప్రాణం తోడేశావు. మోచేతుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అత్తయ్యేమో, ఇద్దరు కోడళ్ళూ కలిసి నన్నే ఆరేస్తున్నారర్రా అని అటు తిట్లు."

నేను నవ్వాను; ఆ పొద్దు బాగా గుర్తుందనుకున్నదాన్ని, ఆ దుప్పటిని పూర్తిగా మరిచిపోయాను. "ఇన్నేళ్ళూ ఒక్కసారయినా చెప్పలేదే?"

"ఎవరికి చెప్పను? ఆయన పైకే నాదన్నారు. నువ్వు లోపల్లోపల నాదన్నావు. మధ్యలో దుప్పటి పట్టినదాని పేరు ఎవరు రాస్తారు?"

"మరి పొద్దున కెలకొద్దన్నావు."

"అన్నాను. ఆయన తీయలేదని నువ్వు చెబుతావు. మరెవరు తీశారంటే నీ ఒక్కదాని పేరే చెబుతావు. ఒకసారి పేపర్లో చదివాను, రెండోసారి చదవాలని లేదు నాకు. అంతే." ఆ 'అంతే'లో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, దానికి జవాబు చెప్పడం నాకు వచ్చు. "ఆయన లేచినట్టున్నారు, ఉంటాను" అంది.

"అక్కా, ఆవిడ ఇక్కడినుంచి మీ ఇంటికే వస్తుంది. చీర మార్చుకో" అన్నాను.

"ఎందుకే?"

"ఫొటో తీస్తారు."

"ఎవరు, నువ్వా? మళ్ళీ చేతులెత్తి నిలబడమంటావా ఏంటి, నా భుజాలు పైకి లేవడంలేదు" అంది, పెట్టేసింది.

వెలుగు నీళ్ళసీసాలోకి వెళ్ళి చెదిరి, గోడంతా, నా చీరమీద, నా చేతులమీద, తెరిచి ఉన్న ఏడో పేజీమీద చిన్న చిన్న ముక్కలుగా ఆడుతుండగా గుమ్మంలో గంట మోగింది. మావారు లేచి తలుపు తీశారు. ఆవిడ నలభైయేళ్ళ మనిషి, మర్యాదస్తురాలు, కూర్చోకముందే పుస్తకం బాగా వస్తోందని చెప్పి, కూర్చున్నాక కలం తీసింది. "మేడమ్, మాస్టారు ఈ ఫొటో తీసిన రోజు గురించి మీకు గుర్తున్నది చెప్పండి."

"మాస్టారు ఆ రోజు ఊళ్ళో లేరు" అన్నాను.

కలం ఆగింది. మావారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. నేను నెగటివు ముక్కను ఆవిడ ఎదుట బల్లమీద పెట్టి, ఫోనులో తారుమారు చేసిన ఫొటో చూపించాను. కెమెరా పట్టుకున్నది నేను, వెలుగు పట్టుకున్నది మా తోటికోడలు, ఆవిడ ఇంటికి ఇక్కడినుంచి పావుగంట, పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు అక్కడికి వెళ్ళండి అన్నాను. మాస్టారు ఫిల్ము కడిగారు, చాలా బాగా కడిగారు, ఇన్నేళ్ళకు కూడా ఒక్క మచ్చ లేదు, అది కూడా రాయండి అన్నాను. ఆవిడ ఫోనువైపూ పుస్తకం అట్టవైపూ మార్చి మార్చి చూసింది.

"మరి ఈ మూల? విమర్శకుడు దీన్ని గురించే కదా అంత రాశారు. దీన్ని ఇలా ఖాళీ చేసింది..."

"నేనే. ఎవరూ చెయ్యి పట్టి చేయించలేదు. మూడు రోజులు కూర్చుని ఇద్దరు ఆడవాళ్ళను పెన్సిలుతో పూడ్చాను, అందులో ఒకరిని చూడకుండానే పూడ్చాను. మిగతావన్నీ తర్వాత, ముందు అది రాసుకోండి."

"అవును, ఆ రోజు మేం ఊళ్ళో లేం" అన్నారు మావారు, ఎవరూ అడగకుండానే. ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది.

ఆవిడ కొత్త పేజీ తిప్పింది. పేర్లు చెప్పమంది. ముందు మా అక్క పేరు చెప్పాను, ఒక్కొక్క అక్షరం విడదీసి, ఆవిడ సరిగ్గా రాసిందో లేదో వంగి చూసుకుంటూ.